ముందు ఓ వారం రాయనీ, తల్లీ

టీఎఫ్‌ఏ (బయటి గాలిని చల్లబరచి గదులకు పంపే యంత్రం) ఫ్యాను స్పీడు పెంచేద్దామన్న నీ తొందర కాస్త ఆపమ్మా. నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. విశాఖ బీచ్ రోడ్డు మీద పదంతస్తుల హోటలు, పై అంతస్తుల్లో వాల్‌పేపర్ వెనక నల్లటి బూజు, తలుపు తీయగానే ముక్కవాసన. మేనేజరు గారు వెంట ఉండి అంతా తిప్పి చూపించారు. పొద్దున్న పదకొండింటికి నువ్వు మీటరు పెడితే గదిలో ఒత్తిడి బయటికన్నా 3 పాస్కల్స్ ఎక్కువే వచ్చింది. గాలి లోపల్నుంచి బయటికే పోతోంటే ఈ తేమ ఎక్కడ్నుంచి వస్తోంది మామయ్యా అన్నావు. ఆ వెంటనే నువ్వే, ఫ్రెష్ ఎయిర్ ఇంకాస్త పెంచితే సరిపోతుందేమో అనీ అన్నావు.

పెళ్లిచూపులకు వెళ్లినవాళ్లకు ఆ ఇంటి సంగతి ఎంత తెలుస్తుందో, పదకొండు గంటల కొలతతో నీకు ఆ హోటలు సంగతి అంతే తెలిసింది. అందరూ ముస్తాబై కూర్చునే వేళ అది. టిఫిన్లు అయిపోయాయి, మధ్యాహ్నం వంటకు పొయ్యిలు ఇంకా అంటుకోలేదు. మేనేజరు గారు పక్కనే ఉన్నారు గనక తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఆగాల్సినవి ఆగి, తిరగాల్సినవి తిరుగుతున్నాయి. రాత్రి తొమ్మిదింటికి, తెల్లవారుజామున మూడింటికి అక్కడేం జరుగుతోందో ఎవరు చూశారు? అవి చూడటానికే, కొలతల్ని తమంతట తామే రాసిపెట్టే డేటా లాగర్లు. నీ ఆఫీసు బీరువాలో అరడజను ఉన్నాయని నువ్వే చెప్పావు. బయటికి తీయి.

మనం కొలిచేది ఎంత చిన్న సంగతో ఒకసారి తలుచుకో. సముద్రమట్టం దగ్గర గాలి మన మీద మోపే ఒత్తిడి 1,01,325 పాస్కల్స్. నువ్వు చూసింది అందులో 3. నీటి మట్టంగా చెప్పుకుంటే మిల్లీమీటరులో మూడో వంతు లోపే. సముద్రం మీంచి సెకనుకు 5 మీటర్ల వేగంతో గాలి వీస్తే ఎదురుగోడ మీద 15 పాస్కల్స్ దాకా పడుతుంది. వేగం రెట్టింపైతే 60. మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి నేల మీదికి, రాత్రి నేల మీంచి సముద్రం మీదికి మళ్లుతుందని విశాఖలో పెరిగినదానికి నేను చెప్పాలా? ఒకే గదికి పగలు ఒక మొహం, రాత్రి ఇంకో మొహం ఉంటాయి. ఒక్కసారి కొలిచిన 3 పాస్కల్స్‌ను పట్టుకుని గాలి గొట్టాల్లోని డ్యాంపర్లు తిప్పడం ఏం పద్ధతమ్మా?

ఇంకో సంగతి నువ్వు గమనించినట్టు లేదు. నువ్వు కొలిచింది రెండో అంతస్తు గదిలో. ఆ పూట ఖాళీగా ఉన్నది అదే అన్నావు. బూజు పట్టింది ఎనిమిది, తొమ్మిది అంతస్తుల్లో. మన చేతిలో ఉన్న పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల్లో రాసినవి. వాటిలో వెచ్చటి గాలి భవనంలో పైకెక్కి పై అంతస్తుల నుంచి బయటికి పోతుంది, చల్లగాలి కింద నుంచి లోపలికొస్తుంది. మన ఏసీ భవనాల్లో ఆ బొమ్మ తలకిందులు. లోపలి గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. లిఫ్టు దారిలో, మెట్ల దారిలో, పైపుల షాఫ్టుల్లో కిందికి జారి లాబీ తలుపుల్లోంచి బయటపడుతుంది. ఆ ఖాళీని నింపడానికి పై అంతస్తుల సందుల్లోంచి బయటి వేడిగాలి లోపలికొస్తుంది. లోపల 24 డిగ్రీలు, బయట 33 ఉంటే, ముప్పై మీటర్ల ఎత్తు భవనంలో నడిమి అంతస్తుకు కింద సుమారు 5 పాస్కల్స్ ప్లస్, పైన అంతే మైనస్ ఈ ఒక్క కారణంతోనే పుడతాయి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో 40 డిగ్రీల ఎండలో ఇదే ఎత్తుకు 9 దాకా పోతుంది. అందుకే కింద ప్లస్ వచ్చిందని పైన కూడా ప్లస్సే అనుకోవడానికి లేదు.

ఇప్పుడు ఫ్యాను స్పీడు సంగతి. టీఎఫ్‌ఏలోని కాయిల్ బయటి గాలిని చల్లబరచి అందులోని నీళ్లు పిండేస్తుంది. స్పీడు పెంచితే ఎక్కువ గాలి, తక్కువ సేపు, అదే కాయిల్ మీంచి పోతుంది. చిల్లర్ పంపే చల్లనీళ్లు మాత్రం అంతే. పిండాల్సినంత పిండదు. మీటరు మీద ప్లస్ కనిపిస్తుంది గానీ, తడిగాలిని మనమే మోటారు పెట్టి గదుల్లోకి తోస్తున్నట్టవుతుంది. వానాకాలం ముగిసేసరికి రెండో అంతస్తుకు కూడా బూజు వస్తే మేనేజరు గారు నిన్నే అడుగుతారు.

అందుకని మొదటి వారం ఏదీ ముట్టుకోకు. రాయించు, అంతే.

ఒత్తిడి లాగర్లు మూడు చోట్ల చాలు. తొమ్మిదో అంతస్తులో సముద్రం వైపు గది ఒకటి, అదే అంతస్తులో ఊరి వైపు గది ఒకటి, రెండో అంతస్తులో నువ్వు ఇదివరకు కొలిచిన గది. ట్యూబు ఒక కొస గదిలో, ఇంకో కొస కిటికీ సందులోంచి బయటికి. నాలుగోది దొరికితే తొమ్మిదో అంతస్తు కారిడారుకీ పైపుల షాఫ్టుకీ మధ్య పెట్టు. షాఫ్టు నుంచి గదుల్లోకి గాలి జొరబడే హోటళ్లు నేను చాలా చూశాను. గోడ వెనక జిప్సం బోర్డుకు చేసిన పైపు రంధ్రాల చుట్టూ ఎవరూ పూడ్చరు.

ట్యూబుల విషయంలో చాదస్తంగా ఉండు. బయటి కొస కిందికి వంచి పెట్టు. లోపల ఒక్క నీటిబొట్టు అడ్డం నిలిచిందా, మిల్లీమీటరు నీళ్లంటే 10 పాస్కల్స్, నీ 3 ఎటు పోయిందో తెలియదు. మన దగ్గర కందిరీగలు మట్టితో గూడు కట్టి రంధ్రం మూసేస్తాయి కూడా, సన్నటి జాలీ ముక్క చుట్టు. ఎండపడే గోడ మీద నిలువుగా ట్యూబు పాకించకు. పది మీటర్ల పొడవున లోపలి గాలి వేడెక్కితే అదే రెండు మూడు పాస్కల్స్ అబద్ధం చెబుతుంది. పెట్టేముందు, తీసేముందు రెండు పోర్టులనూ ఒకే ట్యూబుతో కలిపి ఐదు నిమిషాలు సున్నా రాయించు. ఆ సున్నా మొదట్లో 0, చివర్లో 2 అయితే ఆ వారం అంకెల్ని ఎంతవరకు నమ్మాలో నీకే తెలుస్తుంది. ఫోన్లో బారోమీటరు ఉంది కదా అని మాత్రం అనకు. ఒక మీటరు ఎత్తు మారితేనే 12 పాస్కల్స్ తేడా వస్తుంది. ఫోను బల్ల మీంచి మంచం మీదికి మారితే చాలు, మనం వెతికే సంగతి అందులో మునిగిపోతుంది.

ఉష్ణోగ్రత, తేమ లాగర్లు ప్రతి గదిలో ఒకటి, బయట నీడలో ఒకటి. వీలైతే బూజు పట్టిన గోడకు ఆనించి వాల్‌పేపర్ వెనక సన్నటి సెన్సరు ఒకటి. అంకెలొచ్చాక తేమ శాతాన్ని చూసి మోసపోకు. లోపల 24 డిగ్రీల్లో 60 శాతం, బయట 32 డిగ్రీల్లో 60 శాతం అంటే రెండూ ఒకటే అనిపిస్తుంది. డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీరయ్యే ఉష్ణోగ్రత, లెక్కగడితే లోపలిది 16 డిగ్రీల దగ్గర, బయటిది 23 దగ్గర. విశాఖలో వానాకాలం అది 25 కూడా దాటుతుంది. ఆ గాలి సందుల్లోంచి దూరి, ఏసీకి చల్లబడి 22 డిగ్రీలున్న జిప్సం బోర్డు వెనక్కి చేరితే ఏమవుతుంది? అక్కడే నీరవుతుంది. వినైల్ వాల్‌పేపర్ ఆ తడిని గదిలోకి ఆరనివ్వదు. గదిలో గాలి పొడిగానే ఉంటుంది, అతిథికి ఏమీ తెలియదు, కాగితం వెనక మాత్రం బూజు పెరుగుతుంటుంది. అందుకే అన్నిట్నీ డ్యూ పాయింట్‌లోకి మార్చుకుని, గోడ ఉష్ణోగ్రత గీత పక్కనే పెట్టి చూడు. రెండు గీతలు ఎప్పుడు దాటుకుంటున్నాయో ఆ గంటలే మనకు కావాలి.

అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయేది కరెంటు లాగర్లు. టీఎఫ్‌ఏ, వంటింటి ఎగ్జాస్ట్, వంటింట్లోకి గాలి తోసే ఫ్యాను, మేడ మీది బాత్రూం ఎగ్జాస్ట్, ఈ నాలుగు మోటార్ల వైర్లకు సీటీ (కరెంటు కొలిచే రింగు) తొడిగి ఆంపియర్లు రాయించు. బీఎమ్‌ఎస్ (భవనంలోని యంత్రాల్ని నడిపే కంప్యూటర్) తెర మీద పచ్చదీపం చూసి ఫ్యాను నడుస్తోందనుకోవద్దు. బెల్టు తెగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, దీపం పచ్చగానే ఉంటుంది. ఆంపియర్లు మాత్రం సగానికో ఇంకా కిందికో పడిపోతాయి. ఆ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించు. ప్యానెల్ తెరిచి నువ్వు చేతులు పెట్టకు, మీ అమ్మకు నేను జవాబు చెప్పుకోలేను.

గడియారాల మాట గట్టిగా చెబుతున్నాను. లాగర్లన్నిటికీ ఒకే ల్యాప్‌టాప్ నుంచి, ఒకే చోట కూర్చుని టైము పెట్టు. బీఎమ్‌ఎస్ కంప్యూటర్ టైము నీ ఫోనుతో పోల్చి తేడా రాసుకో. పది నిమిషాల తేడా ఉంటే ఫలితం ముందొచ్చి కారణం తర్వాతొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంత పనీ చేసి, ఎగ్జాస్టుకీ ఒత్తిడికీ సంబంధం లేదని రిపోర్టు రాసేస్తావు.

ఎంతసేపటికోసారి రాయాలి? ఉష్ణోగ్రతకు ఐదు నిమిషాలు బోలెడు. ఒత్తిడికి అది చాలదు. గది తలుపు పది సెకన్లు తెరుచుకుంటుంది, లిఫ్టు అరనిమిషంలో పైకెళ్లిపోతుంది. నీ లాగర్ సెకనుకోసారి కొలిచి, నిమిషానికి సగటూ, అన్నిటికన్నా తక్కువా ఎక్కువా మూడూ దాచగలిగితే అలా పెట్టు. ఒట్టి సగటు ఒక్కటే అయితే తలుపులు తీసి మూసే గొడవంతా అందులో చదునైపోతుంది.

ఇక నోట్‌బుక్. యంత్రం అంకెలు రాస్తుంది. మనుషులు ఏ వేళ ఏం చేశారో రాయాల్సింది నువ్వు. నోట్‌బుక్ లేని గ్రాఫు నాకు చూపించకు, చూడను. రాత్రి డ్యూటీ ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని టీ తాగు. “అన్నా, రాత్రి ఏవేవి ఆపుతారు” అని మామూలుగా అడుగు. “కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని పదకొండుకి టీఎఫ్‌ఏ ఆపమన్నారు మేడమ్” అని చెప్పొచ్చు. వంటమాస్టరు గారిని అడుగు. బయటి వేడిగాలి నెత్తిన పడుతోందని వంటింట్లోకి గాలి తోసే ఫ్యాను ఆయనే కట్టేసి ఉంటారు, ఎగ్జాస్ట్ మాత్రం ఫుల్లుగా తిరుగుతుంది. ఆయన్ని తప్పుపట్టకు. ముందు ఆ పొయ్యి ముందు ఓ పావుగంట నిలబడు, తర్వాత మాట్లాడు. మరి వంటింటి హుడ్డు లాగేసే గాలి ఎక్కడ్నుంచి రావాలి? లాబీ నుంచి, కారిడార్ల నుంచి, చివరికి తొమ్మిదో అంతస్తు కిటికీ సందుల నుంచి. గదులు సర్దే అమ్మాయిల్ని అడిగితే, బాత్రూం వాసనొస్తోందని ఏ గదుల బాల్కనీ తలుపులు తెరిచి పెడుతున్నారో చెబుతారు. ఏ ఇంజినీరుకూ తెలియని సంగతులు వాళ్లకు తెలుస్తాయి.

లాగర్ పక్కన ఒక చీటీ అతికించు: ఇదేమిటి, ఎందుకు పెట్టాం, నీ ఫోను నంబరు. తెలుగులో రాయి. లేకపోతే సీసీ కెమెరా అనుకుని గుడ్డ కప్పేస్తారు, లేదా ప్లగ్గు పీకి ఫోను చార్జింగ్ పెట్టుకుంటారు. బ్యాటరీవే వాడు.

ఏ వారం ఎంచుకుంటావో కూడా ముఖ్యమే. పంచాంగం చూసుకో. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బ్యాంక్వెట్ హాలు ఖాళీ, వంటింట్లో సగం పొయ్యిలు వెలగవు. అప్పుడు వారం రాయించి అంతా బాగుందని సంతకం పెడితే, శ్రావణం ముహూర్తాలు రాగానే మళ్లీ ఫోను వస్తుంది. ఒక రిసెప్షన్ రాత్రి, ఒక ఆదివారం, ఒక చప్పటి మంగళవారం, మూడూ ఉండే వారం కావాలి.

బ్యాంక్వెట్ హాలు మాటొచ్చింది గనక, అక్కడ కార్బన్ డయాక్సైడ్ లాగర్ ఒకటి వేలాడదీయి. గదిలో మనుషులకు చాలినంత గాలి అందుతోందో లేదో ఈ వాయువును బట్టి చెప్పొచ్చని మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లోనే రాశాడు. ఆయన పెట్టిన 1,000 పీపీఎమ్ హద్దును ఇవాళ్టికీ జనం వల్లిస్తున్నారు. నాకు మాత్రం ఆ హద్దు కన్నా, అతిథులు వెళ్లిపోయాక గీత దిగే తీరు మీదే గురి. ఉదాహరణకు హాలు ఖాళీ అయినప్పుడు 1,620 ఉండి, గంటకు 1,020కి వచ్చిందనుకో. బయటి గాలిలో ఎలాగూ 420 ఉంటుంది. అది తీసేస్తే 1,200 కాస్తా 600 అయింది, సగం. అంటే గంటకు 0.7 సార్లు గాలి మారుతోంది. ఏ మీటరూ డక్టులో దూర్చకుండా తెలిసిపోయింది. అయితే ఆ గంటా హాల్లో సర్దేవాళ్లు కూడా ఉండకూడదు, ఫ్యాన్లు తిరిగి గాలి బాగా కలవాలి. ఒక జాగ్రత్త. ఈ సెన్సర్లలో చాలావాటికి తమను తామే సరిచేసుకునే అలవాటుంది. వారంలో కనిపించిన కనిష్ఠాన్ని బయటి గాలి అనుకుని 400 దగ్గర పెట్టేసుకుంటాయి. ఇరవైనాలుగ్గంటలూ మనుషులుండే చోట, హోటల్ రిసెప్షన్‌లోనో ఆసుపత్రి వార్డులోనో, ఆ కనిష్ఠం నిజంగా 600 కావచ్చు. అక్కడ ఆ సెట్టింగు ఆపేసి, ఆరుబయట పెట్టి చూసుకుని వాడాలి.

వారం అయ్యాక అంకెలన్నీ ఒకే కాలరేఖ మీద పరిచి చూడు. ముందు మెట్లు వెతుకు. నిట్టనిలువుగా దిగితే అది ఫ్యానో తలుపో. మెల్లగా వాలుగా దిగితే ఎండో గాలో చల్లదనమో. చిన్నచిన్న ముళ్లు లిఫ్టువి. రోజూ ఒకే వేళకు వచ్చే మెట్టుకు నోట్‌బుక్‌లో పేరు ఉండాలి. తొమ్మిదో అంతస్తులో రాత్రి ఏడున్నరకు ఒక మెట్టు, పదకొండుకు ఇంకో మెట్టు దిగి, పొద్దున్న ఆరింటికి మళ్లీ పైకెక్కితే కథ చాలావరకు తెలిసినట్టే. అయినా అప్పుడే రిపోర్టు రాయకు. ఎనిమిదో రోజున వంటమాస్టరు గారి అనుమతితో, పొయ్యిలు వెలగని వేళ, వంటింటి ఎగ్జాస్ట్ ఇరవై నిమిషాలు వేసి ఇరవై నిమిషాలు ఆపు. అలా మూడు నాలుగుసార్లు. ప్రతిసారీ పై గదిలో గీత అంతే మెట్టు దిగి అంతే ఎక్కితే అప్పుడు అది రుజువు. టీఎఫ్‌ఏతోనూ, బాత్రూం ఎగ్జాస్ట్‌తోనూ విడివిడిగా అలాగే. రెండూ కలిపి ఆపితే ఎవరి వాటా ఎంతో తెలియదు.

మన హైదరాబాదు మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాణ్ని గనక ఇంకొకటి చెప్పాలనిపిస్తోంది. అక్కడ క్లీన్‌రూముకీ పక్క గదికీ మధ్య కనీసం 10 పాస్కల్స్ ఉండాలంటారు. గోడ మీద ఒత్తిడి చూపే మాగ్నెహెలిక్ గేజి, పక్కన రిజిస్టరు. ఒకచోట నెలల తరబడి రిజిస్టరులో 12, 12, 12 అని ఒకే చేతిరాత. లాగర్ పెట్టాక షిఫ్టు మారే వేళల్లో ముల్లు సున్నాకు వస్తున్నట్టు తేలింది. ట్రాలీలు తోసుకుపోవడానికి రెండు తలుపులూ ఒకేసారి తెరిచి పట్టుకుంటున్నారు. రాసినాయన అబద్ధం రాయలేదు, ఆయన చూసే వేళకు అది 12గానే ఉండేది. అందుకే ఏ ఫైలునూ దిద్దకు. చెడ్డ అంకెల్ని తుడిచేయకు. ముడి సీఎస్‌వీలు వేరే ఫోల్డరులో అలాగే ఉంచి, నీ లెక్కలన్నీ నకలు మీద చెయ్యి.

మేనేజరు గారికి నాలుగు డజన్ల గ్రాఫులు ఇవ్వొద్దు. ఒక్కటి చాలు: తొమ్మిదో అంతస్తు ఒత్తిడి, గోడ ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, కింద నాలుగు ఫ్యాన్లు ఆన్ ఆఫ్ పట్టీలు. ఆయన తప్పు వెతుకుతున్నట్టు కాక, కరెంటు బిల్లులో మిగిలిన డబ్బు వాల్‌పేపర్ మార్చడానికి పోతోందన్నట్టు చెప్పు, తేలిగ్గా అర్థమవుతుంది. వంటింటి గాలిని కాస్త చల్లబరచి పంపే ఏర్పాటు, రాత్రి టీఎఫ్‌ఏ పూర్తిగా ఆపకుండా తగ్గించి నడపడం, షాఫ్టు రంధ్రాలు పూడ్చడం, ఇలాంటివేవో తేలతాయి. ఏవి తేలినా ఒక్కొక్కటే చేయించు, ప్రతిదాని తర్వాతా లాగర్లు ఇంకొన్నాళ్లు ఉండనీ. బిల్లు పాసైపోయిందని ఇంటికి తెచ్చేసుకోకు.

నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పంపకు, కళ్లకు ఆనవు. సీఎస్‌వీ ఫైళ్లు, ముందూ వెనకా రాయించిన సున్నాలు, నోట్‌బుక్ పేజీల ఫోటోలు మెయిల్ చెయ్యి. ఆదివారం కూర్చుని చూద్దాం. ఈలోగా ఆ డ్యాంపర్ల జోలికి ఎవర్నీ పోనివ్వకు.